మూడు దవడలు, తొమ్మిది ముళ్ళు

మా బావ కడుపు గోడలో ఉన్న రంధ్రాన్ని మొదటిసారి తప్పుగా కొలిచినవాడు డాక్టరు. కొలత తప్పని తెలిసీ, పక్కనే కెమెరా పట్టుకుని నిలబడి, నోరు విప్పనివాణ్ణి నేను. ఈ రెండు తప్పుల్లో ఏది పెద్దదో మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

బావ అంటే మా అక్క భర్త. ఉక్కు కర్మాగారంలో ఒక కాంట్రాక్టరు కింద ఖలాసీ. మోటార్లు, రోలర్లు, గడ్డర్లు లాంటి బరువైన సరుకుకి తాళ్ళూ ఇనప స్లింగులూ కట్టి, చైన్ పుల్లీ లాగి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం ఖలాసీల పని. నడుమూ కడుపూ గట్టిగా ఉన్నంతకాలమే ఆ పని. చాలా ఏళ్ళ కిందట పేగులో పుండు పగిలితే పెద్దాసుపత్రిలో నిలువునా కోసి బావని బతికించారు. ఆ పాత కుట్టు దగ్గర, బొడ్డుకి కాస్త పైన, నిమ్మకాయంత ఉబ్బు మొదలై మెల్లగా బత్తాయంత అయింది. హెర్నియా. బరువెత్తితే బయటికి పొడుచుకొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. మేస్త్రీ కంట పడితే పనిలోంచి తీసేస్తాడు. ఖలాసీ పని తప్ప బావకి మరో పని రాదు. వచ్చినా చెయ్యడు. చొక్కా కింద గుడ్డ బిగించి కట్టుకుని రెండేళ్ళు దాచాడు.

ఆ రోజుల్లో నేను ద్వారకా నగర్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో అసిస్టెంటుని. తొంభైల మధ్యలో బల్లలు తుడిచే పనితో చేరి, పరికరాలు అందించే దాకా, అక్కణ్ణుంచి కెమెరా పట్టుకునే దాకా వచ్చాను. ఇంటర్ రెండో ఏడు ఫిజిక్సు తప్పాను. తప్పిన తర్వాతే చదవడం మొదలుపెట్టాను. డ్యూటీ దిగి నేరుగా లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడ కూర్చునేవాళ్ళలో సగంమంది పోటీ పరీక్షలవాళ్ళు, వాళ్ళకి గుర్తుపెట్టుకోవలసిన ముక్కలు తప్ప పుస్తకం అక్కర్లేదు. మిగతా సగం పేపరు కోసం పోట్లాడుకునే రిటైరైనవాళ్ళు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది నేనొక్కణ్ణే అని నాకు గట్టి నమ్మకం ఉండేది, ఇప్పటికీ ఉంది. శరీర నిర్మాణ శాస్త్రం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇంటికి ఇచ్చేవారు కాదు. అక్కడే బల్ల దగ్గర చదువుకుంటానని అడిగితే కౌంటరులో ఆవిడ మెడిసిన్ స్టూడెంటువా అంది. కాదన్నాను. మరెందుకు అంది. ఆ "ఎందుకు" మీద పంతంతోనే డిక్షనరీ పక్కన పెట్టుకుని ఉదరం అధ్యాయం నాలుగు నెలల్లో పూర్తిచేశాను. ఆపరేషన్లో డాక్టరు ఒక పొర పేరు చెబుతుంటే దాని కింది పొర పేరు నాకు ముందే తెలిసేది. దీన్ని గర్వమంటే గర్వమే. ఎవరూ నాకు ఊరికే ఇచ్చింది కాదు.

మా ఆసుపత్రికి లాపరోస్కోపు వచ్చినప్పుడు గేటు ముందు పెద్ద బోర్డు కట్టారు. కడుపు కొయ్యకుండా ఆపరేషన్ అని. మూడు చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాసు ఎక్కించి కడుపుని బూరలా ఉబ్బిస్తారు. ఒక రంధ్రంలోంచి పొడుగాటి గొట్టం లాంటి కెమెరా లోపలికి పోతుంది. మిగతా రెంటిలోంచి సన్నటి పరికరాలు. డాక్టరు కడుపు వైపు చూడడు, టీవీ వైపు చూస్తాడు. ఆ టీవీలో ఏం కనబడాలో నిర్ణయించే చెయ్యి నాది.

హెర్నియాకి వల లాంటి గుడ్డ ఒకటి లోపలి నుంచి అడ్డం పెట్టి కడుపు గోడకి బిగిస్తారు. మెష్ అంటారు, రోగులు జాలీ అంటారు. రంధ్రం ఎంత ఉంటే దానికి అన్ని వైపులా తగినంత మిగిలేలా జాలీ కత్తిరించాలి. చిన్నదైతే పేగు ఏదో ఒక అంచు పక్కనుంచి మళ్ళీ దారి చేసుకుంటుంది. అంటే మొత్తం ఆపరేషనంతా ఒక కొలత మీద నిలబడి ఉంటుంది. కడుపులోకి స్కేలు పోదు. అందుకని మా డాక్టరు గ్రాస్పర్ అనే సన్నటి పట్టకారు మూతి తెరిచి, దాంతో రంధ్రాన్ని కొలిచేవాడు. ఆ మూతిని థియేటర్లో దవడ అనేవాళ్ళం. పూర్తిగా తెరిస్తే చివర నుంచి చివరికి రెండు సెంటీమీటర్లు. టీవీలో రంధ్రం మీద దవడని అటునుంచి ఇటు జరుపుతూ ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు. సిస్టరు దాన్ని బట్టి జాలీ కత్తిరించేది. ఎన్ని సెంటీమీటర్లు అని మా థియేటర్లో ఎవరూ అడగలేదు. ఎన్ని దవడలు అనే అడిగేవాళ్ళు.

లైబ్రరీలో కాంతిశాస్త్రం మీద ఒక తెలుగు పుస్తకం తీసుకున్నాను, పరీక్షలో నన్ను తప్పించిన అధ్యాయాలతో పాత పగ తీర్చుకోవాలని. అందులో ఒక బొమ్మ ఉంది. కటకానికి దగ్గరగా ఉన్న వస్తువు పెద్దదిగానూ దూరంగా ఉన్నది చిన్నదిగానూ పడుతుంది. రెండు కళ్ళున్న మనిషికి దూరం తెలుస్తుంది, ఒక కంటికి అంత బాగా తెలియదు. కెమెరాకి ఉన్నది ఒకటే కన్ను. ఆ పేజీ దగ్గర నాకు మా డాక్టరు దవడలు గుర్తొచ్చాయి. దవడ కడుపు గోడకి ఆనకుండా ఇవతలే ఉంటే, కెమెరాకి దగ్గరై పెద్దదిగా కనబడుతుంది. అప్పుడు రంధ్రం తక్కువ దవడలకే సరిపోతుంది. నిజం కొలత కన్నా చిన్నది తేలుతుంది. ఆ తర్వాత నాలుగైదు ఆపరేషన్లలో గమనించాను. దవడ చివరా, గోడమీద పడే దాని సన్నటి నీడా కలిస్తే ఆనినట్టు. కలవకపోతే ఆననట్టు. చాలాసార్లు కలిసేవి కావు.

ఒకరోజు ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కుంటున్న డాక్టరుతో ఈ సంగతి ఎత్తబోయాను. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు, చెయ్యి మంచిదని ఊరంతా పేరు. నా వాక్యం పూర్తి కానివ్వలేదు. "నువ్వు నా కెమెరా స్టాండువయ్యా. స్టాండ్లు మాట్లాడవు," అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

బావని ఆ ఆసుపత్రికి తెచ్చింది నేనే. మూడు చిల్లులు, మూడో రోజు ఇల్లు, నెలలో డ్యూటీ అని అక్కకి చెప్పి ఒప్పించాను. బావ ఒప్పుకున్నాడు గానీ నా మాట మీద కాదు, బోర్డు మీద బొమ్మ చూసి. అతనికి నేనంటే మొదటినుంచీ చులకన. ఆపరేషన్‌కి వారం ముందు చుట్టాల ఇంట్లో భోజనాల దగ్గర, పాతికమంది బంతిలో కూర్చుని ఉండగా, నన్ను చూపించి అందరికీ పరిచయం చేశాడు. "మా బామ్మర్ది పెద్ద సదువరి. రేత్రీ పగలూ పుస్తకాలు సదివి డాక్టర్ల బల్లలు తుడుత్తాడు." బంతి బంతంతా నవ్వింది. నేనూ నవ్వాల్సి వచ్చింది. విస్తట్లో అన్నం అలాగే వదిలేసి లేచాను.

ఇది చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు.

ఆపరేషన్ రోజు బావ బల్ల మీద నోట్లో గొట్టంతో, కళ్ళకి ప్లాస్టరుతో, మాటా పలుకూ లేకుండా పడి ఉన్నాడు. ఆ మనిషి అలా నోరు లేకుండా ఉండగా చూడటం నాకు బాగుంది. డాక్టరు గ్రాస్పర్ తెరిచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మరో సగం. నీడ దవడకి విడిగా, పక్కన వేరే గీతలా కదులుతోంది. నేను చూశాను. నా కెమెరా దాని మీదే ఉంది. రెండున్నర అని డాక్టరు అన్నాడు, సిస్టరు కత్తెర తీసింది. స్టాండ్లు మాట్లాడవు అనుకున్నాను. తర్వాత చాలాకాలం నన్ను నేను భయస్థుడినని తిట్టుకున్నాను, అది సుఖంగా ఉండేది. నిజానికి ఆ క్షణంలో భయం పాలు తక్కువ. ఇద్దరి మీదా కోపం. నేను చెప్పనందువల్ల ఒకడి పని చెడుతుంది, రెండోవాడి ఒళ్ళు చెడుతుంది. చెడనీ అనుకున్నాను. అంత స్పష్టంగా మాటల్లో అనుకోలేదేమో గానీ, అనుకున్నది అదే.

బావ నెల తిరిగేసరికి పనిలోకి వెళ్ళాడు. ఏడో నెలలో ఒక మోటారు ఎత్తుతుండగా కడుపులో ఏదో జారినట్టయి కూలబడ్డాడు. పాత ఉబ్బుకి కాస్త ఎడమపక్కగా కొత్త ఉబ్బు. మేస్త్రీ ఈసారి చూశాడు. బాగుచేయించుకుని, బరువులెత్తొచ్చని డాక్టరు చేత కాగితం రాయించుకుని రా, అప్పటిదాకా రావద్దు అని పంపేశాడు. డాక్టరు చేత్తో నొక్కి చూసి, నువ్వు తొందరపడి బరువులెత్తావు, జాలీ జరిగిపోయింది, తప్పు నీదే అన్నాడు. ఆ మాట అక్క పట్టుకుంది. చెబితే వినవు, ఒళ్ళు గుల్ల చేసుకున్నావు అని పొద్దస్తమానం సాధించింది. పనిలేక ఇంట్లో కూర్చున్న బావ పిల్లల మీద, గిన్నెల మీద, వీధిలో పోయే కుక్కల మీద అరిచేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గాజువాకలో వాళ్ళింటికి వెళ్ళాను. బావ తప్పు కాదని చెబుదామనే వెళ్ళాను. దాంతోపాటు ఇంకో ఆశ కూడా ఉంది. బల్లలు తుడిచేవాడికి ఏం తెలుసో ఈ ఇంట్లో ఒక్కసారి తెలియాలి. లైబ్రరీ నుంచి ఆ కాంతిశాస్త్రం పుస్తకమే మళ్ళీ తీసుకుని చంకలో పెట్టుకుని వెళ్ళాను. బావని గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని, అగ్గిపుల్ల ఒకటి చేతికిచ్చి కంటికి దగ్గరగా పట్టుకోమన్నాను. ఆ పుల్లతో ఎదురుగా ఉన్న తలుపు ఎన్ని పుల్లల వెడల్పో లెక్కపెట్టమన్నాను. ఒకటే పుల్లన్నాడు. పుల్ల తీసుకెళ్ళి తలుపుకి ఆనించి అదే లెక్క పెట్టమన్నాను. బావ లేచి వెళ్ళి తలుపు మీద అడ్డంగా పుల్ల జరుపుతూ ఇరవై దాటాక ఆగిపోయాడు. డాక్టరు చేసిందిదే అని చెప్పాను. దవడ గోడకి ఆనలేదని, రంధ్రం నిజానికి పెద్దదని, జాలీ చాల్లేదని, తప్పు బరువులది కాదని, పుస్తకంలో బొమ్మ తీసి వేలు పెట్టి చూపించాను. అక్క వంటగదిలోంచి వచ్చి నిలబడి వింటోంది. చాలా బాగా చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఎవరికీ ఏదీ చెప్పలేదు.

బావ పుల్లని తిప్పి తిప్పి చూశాడు. "ఇది నీకు ఎప్పుడు తెలిసినాది?" అన్నాడు.

ఈ పుస్తకంలోనే చదివానని చెప్పాను.

"అడిగింది అది కాదు. ఎప్పుడు సదివినావు?"

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. అక్క పదో తరగతి దాకా చదువుకుంది. పుస్తకం నా ఒళ్ళోంచి తీసుకుని వెనక అట్ట తెరిచింది. అక్కడ అంటించిన కాగితం మీద లైబ్రరీవాళ్ళ తేదీ ముద్రలు ఉంటాయి, ముద్ర పక్కన తీసుకున్నవాడి కార్డు నెంబరు. నా నెంబరు రెండుచోట్ల ఉంది. ఒకటి ఆ వారానిది. రెండోది అక్క వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకుని చెప్పింది. "ఇది ఆపరేసనుకి ముందు నెలరా."

బావ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆపరేసన్లో సూసినావా అన్నాడు. చూశానన్నాను. తెలిసే ఊరుకున్నావా అన్నాడు. డాక్టరు పనిలోంచి తీసేస్తాడని భయపడ్డానని చెప్పబోయాను.

"భయం కాదు," అన్నాడు. "ఆ రోజు బంతిలో నవ్వినానని. అవునా కాదా?"

అక్క నా మొహంలోకి చూసి, కాదని చెప్పరా అంది. నేను చెప్పలేదు. ఆవిడ పుస్తకం గడప మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను దాన్ని తీసుకుని బయటికి వచ్చేశాను.

పది రోజుల తర్వాత ఒక పొద్దున బావ ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చి కబురు పెట్టాడు. ఎదురుగా టీ కొట్టు. టీ తాగుతావా అన్నాను. జేబులోంచి పురికొస తీసి, టీ కొట్టువాడి గ్యాసు బండ పక్కన కూర్చున్నాడు. బండ మీద రెండుచోట్ల సుద్దముక్కతో గీతలు పెట్టాడు. తాడు గట్టిగా లాగి రెండు గీతల మధ్య గాల్లో పట్టుకుని, ఒక ముడి వేశాడు. మళ్ళీ అదే తాడుని బండ ఒంపు మీద అంటుకునేలా పరిచి, రెండో ముడి వేశాడు. రెండు ముళ్ళ మధ్య నాలుగు వేళ్ళ తేడా వచ్చింది. గుండ్రటి సరుకుకి స్లింగు ఎంత కావాలో వాళ్ళు ఇలాగే చూస్తారట. తాడు సరుకు మీద పడుకోవాలి, లాగితే అబద్ధం చెబుతుంది.

"మీ డాక్టరు కడుపులో గ్యాసెట్టి బండలాగ సేసినాడు గదా. మరి బండ మీద పుల్ల ఎట్టి కొలుత్తాడేటి? నీ పుస్తకంలో తాడు నేదేటి?"

లేదన్నాను. నిజంగానే లేదు. అతను లేచి నిలబడి పురికొసని వేళ్ళకి చుట్టుకుంటూ చెప్పవలసింది చెప్పాడు. ఆపరేషన్ ఇక్కడే, ఈ డాక్టరే చెయ్యాలి, పాడుచేసినవాడే బాగుచెయ్యాలి. "ఈపాలి కెమెరా నువ్వే అట్టుకోవాల. తాడుతో కొలిపించాల. కొలిపించకపోతే మీ అక్క గుమ్మం తొక్కకు. నాను మళ్ళీ పనిలోకి ఎల్లకపోతే ఎలాగూ తొక్కనివ్వను."

కడుపులోకి పురికొస పోదు, పట్టుదారం అయితే పోతుంది. నల్ల పట్టుదారం మీద సెంటీమీటరుకో చుక్క సిరాతో పెట్టి చుక్క దగ్గరల్లా ముడి వేశాను. వేసి చూస్తే పన్నెండు సెంటీమీటర్లు ఉండాల్సింది పది ఉంది. ముడి దారాన్ని తినేస్తుంది. పసిపిల్లలకి కూడా తెలిసే విషయం, పుస్తకాల్లో ఉండదు. ఒక ముడి వేసి, అక్కణ్ణుంచి కొలిచి, రెండోది వెయ్యాలి. అలా వేశాను. తడిపి మళ్ళీ కొలిచాను, ఆవిరిలో శుద్ధి చేశాక మళ్ళీ కొలిచాను. థియేటర్ సిస్టరుకి నేనంటే గిట్టదు, నేను ఆవిడ ట్రేలో చెయ్యి పెడితే వేళ్ళమీద కొట్టేది. దారం చూపిస్తే ఏమిటని అడిగింది. చెప్పాను. డాక్టరు అడిగితే నువ్వే పెట్టావని చెబుతాను, నాకేం తెలియదంటాను అంది. కావాలంటే పెట్టనివ్వకుండా ఉండొచ్చు, పెట్టనిచ్చింది.

ఆపరేషన్ రోజున పాత జాలీకి అంటుకున్న కొవ్వు విడదీయడానికే గంట పట్టింది. రంధ్రం కనబడింది. డాక్టరు దవడ తెరిచి టీవీ వైపు చూస్తూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నీడ ఎప్పటిలాగే విడిగా ఉంది.

"సార్, గ్రాస్పర్ గోడకి ఆనలేదు," అన్నాను.

డాక్టరు నా వైపు తిరగలేదు. "మూడు దవడలు. సిస్టర్, మెష్. కెమెరా కాస్త కుడికి తిప్పు," అన్నాడు.

నేను తిప్పలేదు. రంధ్రాన్ని టీవీ మధ్యలో పెట్టి చెయ్యి బిగించాను. దారం ట్రేలో ఉందని, గ్యాసుకి గోడ సాగి ఉంటుంది గనక అది తగ్గించి ఒక్కసారి దాంతో కొలవమని అడిగాను. స్టాండు మాట్లాడుతోందే అన్నాడు డాక్టరు. ఈ పేషెంటు మా బావ అన్నాను.

"కెమెరా తిప్పమన్నాను."

"కొలిచాక తిప్పుతాను సార్."

ఒక మనిషిని మత్తులో పడుకోబెట్టి అతని కడుపులో ఇలా పంతం పట్టడం తప్పు. అప్పుడూ తెలుసు. డాక్టరు మాస్కు పైన కళ్ళు చూస్తే, బల్ల మధ్యలో లేకపోతే కొట్టేవాడనిపించింది. అంతలో తెర వెనక మత్తు డాక్టరు, రోజూ అడిగే మాటలా, ప్రెషర్ తగ్గించమంటారా అన్నాడు.

"తగ్గించండి," అన్నాడు డాక్టరు. తర్వాత నాతో, "ఇది తప్పని తేలితే ఈ గడప మళ్ళీ తొక్కవు," అన్నాడు. సరే అన్నాను.

గ్యాసు దిగి గోడ వదులైంది. డాక్టరు దారం ఒక కొస పట్టుకుని లోపలికి తోశాడు. కడుపు గోడ అంటే కెమెరాకి పైకప్పు, దారం నిలవదు, పడిపోతుంది అన్నాడు. తడిగా ఉంటే అంటుకుంటుందన్నాను. అంటుకుంది. మొదటి ముడి రంధ్రం ఈ అంచు మీద పెట్టి, రెండో గ్రాస్పర్‌తో దారాన్ని కొంచెం కొంచెంగా గోడకి అదుముకుంటూ అవతలి అంచు దాకా తీసుకెళ్ళాడు. కోపంలో కూడా ఆ చేతుల నేర్పు చూడవలసిందే, అది కాదనను. నేను కెమెరాని ముడి ముడికీ దగ్గరగా తీసుకెళ్ళాను. మొదటి ముడి తర్వాత నుంచి సిస్టరు పైకి లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగాలి. ఆగలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

ఆరు సెంటీమీటర్లు అనుకున్నది తొమ్మిది.

డాక్టరు దారం తీసేసి, దవడ తెరిచి ఈసారి గోడకి ఆనించి, నీడ కలిసేలా చూసుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగున్నర అయింది. సిస్టరు అప్పటికే కత్తిరించబోయిన ముక్కని పక్కన పెట్టి పెద్దది తీసింది. ఆ తర్వాత ఆపరేషన్ ముగిసేదాకా కుడి, ఎడమ, దగ్గర, దూరం అన్న మాటలు తప్ప ఆ గదిలో ఏమీ వినబడలేదు. నేను చెప్పినట్టల్లా తిప్పాను.

తప్పని తేలలేదు. అయినా ఆ గడప నేను మళ్ళీ తొక్కలేదు. మర్నాడు పొద్దున నన్ను పరికరాలు కడిగే గదికి మార్చారు. ఆపరేషన్ మధ్యలో ఆజ్ఞ మీరానని కాగితం ఇచ్చారు, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నెల తిరక్కుండా థియేటర్ నుంచి నా గదికి వచ్చే పరికరాల్లో ముళ్ళున్న నల్ల దారం ప్రతి హెర్నియా కేసుకీ రావడం మొదలైంది. ఎవరు కట్టారో గానీ, చుక్కలు పెట్టి ముళ్ళు వేశారు. పది ఉండాల్సింది ఎనిమిదిన్నరే ఉంది. మొదటిసారి చూసి పక్కన పెట్టాను. మూడు రోజులు పక్కనే ఉంచాను. ఈసారి ఎవరి కడుపో నాకు తెలియదు కదా అనిపించి, విప్పి, సరిగ్గా కట్టి పంపాను. అప్పట్నుంచీ ఆ దారాలు నేనే కట్టాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

మూడు నెలలకి బావ చూపించుకోవడానికి వచ్చాడు. నేను అక్కతోపాటు గది బయట నిలబడితే అక్క లోపలికి రమ్మంది. డాక్టరు బావని నిలబెట్టి దగ్గమన్నాడు, వేళ్ళతో పాత కుట్టు పొడుగునా అదిమాడు. ఉబ్బు లేదు. బరువులెత్తొచ్చని కాగితం రాసి సంతకం పెట్టాడు.

బావ కాగితం తీసుకుని, "ఈపాలి దేంతో కొలిసినారు బాబూ?" అన్నాడు.

దారంతో, ఇప్పుడు అందరికీ అలాగే చేస్తున్నాం అన్నాడు డాక్టరు, నా వైపు చూడకుండా.

బస్టాపు దాకా వాళ్ళ వెనకే నడిచాను. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. బస్సు కనబడ్డాక అన్నాడు. "నోరిప్పినావు. కాదన్ను. అంతకు ముందు మూసుకున్నావు. రెండోది సేసినావని మొదటిది సెరిగిపోదు."

చెరిగిపోవాలని నేను అనలేదు బావా అన్నాను. అనకపోయినా మూడు నెలలుగా ఆ ఒక్క మాట కోసమే ఉన్నాను. అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది. మర్నాడు ఫస్టు షిఫ్టుకి వెళ్ళాడని, మేస్త్రీ కాగితం రెండుసార్లు చదివాడని, సాయంత్రం వచ్చి చేతులు నెప్పులని తిట్టుకుంటూ అన్నం తిన్నాడని తర్వాత అక్క చెప్పింది.

ఆ జాలీ కదల్లేదు. బావ ఇంకా పని చేస్తూనే ఉన్నాడు. నేను వాళ్ళ గుమ్మం తొక్కడానికి అభ్యంతరం లేదు, ఆ మాట మీద నిలబడ్డాడు. వెళితే అక్క అన్నం వడ్డిస్తుంది. నేను పీట మీద కూర్చోగానే బావ తన కంచం తీసుకుని అరుగు మీదికి వెళ్ళి తింటాడు. నేను పిలవను, అతను రాడు. అక్క ఇద్దరికీ కూర మోస్తూ తిరుగుతుంది.